లిఫ్టు పక్క బోర్డు

కడపలో మా అపార్టుమెంటుకు నీళ్లు సరిగ్గా రాకముందే లిఫ్టు పక్కన తెల్లబోర్డు వచ్చింది. పదో తేదీ దాటినా మెయింటెనెన్సు కట్టనివాళ్ల పేర్లు దానిమీదికి ఎక్కుతాయి. ఫ్లాటు ఎవరి పేరున ఉంటే వాళ్ల పేరే రాయాలి, బాకీ పూర్తిగా తీరితేనే చెరపాలి. మీటింగులో అందరూ చేతులెత్తి ఒప్పుకున్న రూళ్లే.

మా ఎదురింటాయన మోటార్లకు వైండింగు చేసేవాడు. ఆ వేసవిలో జబ్బుపడి ఆసుపత్రిలోనే పోయాడు. ఇంటికి తెచ్చిన పూట కుళాయిల్లో చుక్క లేదు. మయ్యత్తుకు స్నానం చేయించాలి. నేను సెక్రటరీకి ఫోన్ చేస్తే వెంటనే ట్యాంకరు పంపించాడు. ఎంత మంచివాళ్లమో అని ఆ రోజు అందరం మురిసిపోయాం.

ఆయన భార్య ఇద్దత్‌లో కూర్చుంది. నాలుగు నెలల పైచిలుకు గడప దాటదు, పరాయి మగవాళ్లకు కనబడదు. ఆ నెలలోనే బోర్డు మీద ఆయన పేరు ఎక్కింది, పక్కనే ఎర్రగా 'బాకీ' అని. చూసి నాకు ఒళ్లు మండిపోయింది.

"ఆయప్ప లేడని తెలీదా ఏమప్పా?" అని సెక్రటరీని నిలదీశాను.

"తెలుసమ్మా. ఫ్లాటు ఆయప్ప పేరు మీదనే ఉండాది. పోయి తలుపు కొట్టినా, ఆయమ్మ తీయల్యా. నేనేం జేయల్ల?"

ఇద్దత్ సంగతి చెప్పాను. పాపం అన్నాడు. పేరు మాత్రం చెరపలేదు.

ఆమెకు చెప్పకూడదనుకున్నాను. మెట్ల మీద ఎవరో అనుకుంటుంటే తలుపు వెనకనుంచి విన్నదట, నన్ను పిలిచింది. ముఖంలో ఏడుపు కూడా లేదు.

"కర్జు తీరకపోతే పోయినోళ్లకు నెమ్మది ఉండదక్కా. ఈ పొద్దే ఆయన పేరు తీపియ్యి," అని బాకీ డబ్బంతా నా చేతిలో పెట్టింది.

తీసుకెళ్లి కట్టాను. సెక్రటరీ లెక్క చూసి, "ఇంకొకటి ఉండాదమ్మా, ఆ పొద్దు ట్యాంకరు," అన్నాడు. అదనంగా తెప్పించిన ట్యాంకరు ఖర్చు ఆ ఫ్లాటుదేనట. అది కూడా రూలే. మా మంచితనానికి బిల్లు వేశారన్నమాట. సిగ్గుతో, కోపంతో నోటికొచ్చినట్టు తిట్టి పైకి వచ్చాను.

ఫోన్ చేసింది నేనే కాబట్టి ఆ డబ్బు నేనే కడతానని ఆమెతో అన్నాను.

"వద్దక్కా. ఆయన కడాకు పోసుకున్న నీళ్లు అవి. వాటి కర్జు మాదే," అంది.

ఆమె ఇచ్చిన డబ్బుతో అదీ కట్టి, దగ్గర నిలబడి పేరు చెరిపించాను. పైకి వచ్చి చెబితే, "ఇంకేం మిగల్యా గదక్కా?" అని అడిగింది. ఏమీ మిగల్లేదన్నాను. ఆమె అప్పుడు ఏడ్చింది.