సారు తాగిన నీళ్ళు

మిట్టిండ్లు పల్లెలో భారతమ్మ ఇంటికి పోయి నీళ్ళు తాగకుండా తిరిగొచ్చిన మనిషి లేడు. పాల వ్యాను తోలే చిన్నబ్బ అయినా, కరెంటు మీటరు చూసే మనిషైనా, ఓట్లడగను వచ్చినవాళ్ళైనా సరే, అరుగు మీద కూర్చునేలోపే స్టీలు గ్లాసు చేతికొచ్చేది. "మా బాయి నీళ్ళు, తాగి సూడండి" అనేది. బాగున్నాయని వాళ్ళు చెప్పేదాకా అక్కడే నిలబడేది. ఆమెకు గొప్ప చెప్పుకోను ఉన్నదంతా ఆ బావే. రెండెకరాల మెట్ట చేను, మూడు ఆవులు, ప్రతిదానికీ ఎకసెక్కమాడే మొగుడు వరదయ్య, పెళ్ళయి కుప్పం పోయిన కూతురు. వీటిలో పదిమందికి చూపించుకోదగ్గది ఏదీ లేదని ఆమె ఎప్పుడో అనుకునేసింది.

బావి ఆమె మామ కాలంలో తవ్వింది. ముప్పై అయిదడుగులు. ఇంటికి ఉత్తరంగా ఉన్న గుట్ట మీద పడిన వాన మెల్లగా కిందికి దిగి ఆ బావిలోకి చేరుతుందని మామ చెప్పేవాడు. ఎంత కరువొచ్చినా బావి అడుగు ఎవరికీ కనిపించలేదు. అటువంటి గుట్టకు క్వారీ వచ్చింది.

క్వారీ దానంతట అది రాలేదు. భారతమ్మ దృష్టిలో, తానే రానిచ్చింది. పదేళ్ళ కిందట ఆమె వార్డు మెంబరు. ఆడవాళ్ళకు కేటాయించిన సీటు కాబట్టి వరదయ్య ఆమె పేరుతో నామినేషను వేయించాడు. అయిదేళ్ళలో ఆమె మీటింగుకు పోయింది మూడుసార్లు. ఒకరోజు పొద్దున పంచాయతీ తీర్మానాల పుస్తకం ఇంటికే వచ్చింది. పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. "అందురూ పెట్టేసినారు, నువ్వొకదానివే బాకీ మా" అన్నాడు తెచ్చినవాడు. ఆమె తడి చేతిని చీరకు తుడుచుకుని, ఏమిటని అడక్కుండా, నేర్చుకున్న సంతకం గీసిచ్చింది. అతనికి నీళ్ళిచ్చి పంపింది. గుట్టలో రాయి తీసుకోవడానికి పంచాయతీకి అభ్యంతరం లేదని అందులో రాసి ఉన్న సంగతి, ఊళ్ళోకి లారీలు వచ్చాక గానీ తెలియలేదు.

మొదట్లో దుమ్ము, మోత మాత్రమే ఉండేవి. తర్వాత క్వారీ గుంట ఆమె బావికంటే లోతుకు పోయింది. గుంటలో ఊరే నీటిని పగలంతా మోటారు పెట్టి తోడి బయటికి వదిలేవాళ్ళు. బావిలో నీళ్ళు ఏడాదికేడాది దిగిపోయాయి. మిగిలిన కాసిన్నీ రాతి పిండి కలిసి బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లబడ్డాయి. ఆవులు తొట్టిలో మూతి పెట్టి తీసేసేవి. తాగడానికి పలమనేరు నుంచి ఆటోలో క్యాన్లు తెప్పించుకోవలసి వచ్చింది.

"నీ సంతకం శానా లోతుకు దిగింది మే" అన్నాడు వరదయ్య ఒకరోజు బావిలోకి తొంగి చూసి. "ముప్పై అయిదడుగులు."

ఆమె ఒక అర్జీ రాయించుకుంది. ఆ వచ్చే సోమవారం చిత్తూరు బస్సెక్కింది.

అట్లా పద్నాలుగు సోమవారాలు పోయింది. కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే చోట వరుసలో నిలబడి, రసీదు పట్టుకుని, సాయంత్రం బస్సుకు తిరిగొచ్చేది. ఆమె కాగితం ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు పోయి, అక్కడి నుంచి పంచాయతీకొచ్చి, పంచాయతీ నుంచి మళ్ళీ మొదటి ఆఫీసుకే చేరేది. భారతమ్మ కంటే ఆ కాగితమే ఎక్కువ ఊళ్ళు చూసింది.

చివరికి ఈ ఏడాది ఏప్రిల్లో పంచాయతీ కార్యదర్శి మోహన ఫోన్ చేశాడు. చదువుకున్నవాడు, మంచివాడే, కానీ ఎవరికీ ఎదురు చెప్పలేడు.

"మా, క్వారీ లీజు జూన్‌తో అయిపోతాది. పొడిగించేదానికి ముందు జిల్లా నుంచి సారొచ్చి సూస్తాడు. నీ అర్జీ గూడా ఆయనకే పొయింది. బాయి సెడిందని రిపోర్టులో ఒక్క మాట పడితే సాలు, పొడిగింపు ఆగిపోతాది."

"పడకపోతే?"

"ఇంకో పదేండ్లు."

ఆ వారమంతా భారతమ్మ కాలు నిలవలేదు. బావి చుట్టూ గడ్డి పీకింది. గట్టు కడిగింది. వాకిలి అలికి ముగ్గేసింది. వచ్చేది జిల్లా సారు. ఇల్లు ఎట్లా ఉందో కూడా చూస్తాడు కదా. ముందు రోజు పలమనేరు నుంచి కొత్త క్యాను తెప్పించి, అందులోని నీళ్ళు కొత్త మట్టికుండలో పోసి గుడ్డ కట్టింది. క్వారీ వాళ్ళు కూడా సిద్ధమయ్యారు. మూడు రోజుల ముందే పని ఆపేశారు. బావిలో పిండి అడుగుకు దిగి, పైపైన నీళ్ళు తేరుకున్నాయి.

సారు కారులో వచ్చాడు. నడివయసు మనిషి, ఎండకు మొహం కందిపోయి ఉంది. గుట్ట మీదికి ఎక్కి దిగాడు. టేపు పట్టించి క్వారీకీ బావికీ మధ్య దూరం కొలిపించాడు. బావిలోకి వంగి చూశాడు. లంచానికి ఆశపడే మనిషిలా కనిపించలేదు. అరుగు మీద కూర్చుని కర్చీఫుతో మెడ తుడుచుకుంటుంటే, భారతమ్మ కుండలోని నీళ్ళు స్టీలు గ్లాసులో పోసిచ్చింది. ఆయన గటగటా తాగి గ్లాసు మళ్ళీ చాపాడు. రెండో గ్లాసు కూడా తాగాడు.

"చల్లగా ఉన్నాయమ్మా నీళ్ళు" అన్నాడు.

ఎన్నాళ్ళకో ఆ మాట విని భారతమ్మ మొహం విప్పారింది. ఆ ఒక్క నిమిషం ఆమెకు క్వారీ కూడా గుర్తు రాలేదు. ఆ నీళ్ళు యాడివో చెప్పాలని తోచలేదు. ఆవుల తొట్టికి తెల్లగా పట్టిన పిండి చూపించాలని కూడా తోచలేదు. కారు పోయాక గ్లాసు కడుగుతూ కూడా ఆమె సంతోషంగానే ఉంది.

ఇరవై రోజుల తర్వాత మోహన పంచాయతీ ఆఫీసుకు పిలిపించి రిపోర్టు చదివాడు. దూరం నిబంధనల ప్రకారమే ఉంది. బావిలో నీరు ఉంది. చివరి వాక్యం చదివేటప్పుడు గొంతు తగ్గించాడు. "ఫిర్యాదుదారు ఇంట నేను స్వయముగా నీరు త్రాగి చూచితిని. త్రాగుటకు బాగున్నది."

సారు అబద్ధం రాయలేదు. ఒకవేళ రాసి ఉంటే తిట్టుకోవడానికైనా ఒక మనిషి దొరికేవాడు.

"క్యాను నీళ్ళు పోసినావా ఆ సారుకి?" అన్నాడు మోహన.

"ఇంటికొచ్చినోడికి ఆ సున్నం నీళ్ళు ఎట్ల పోసేది నాయనా?"

మోహన తెల్ల కాగితం ముందుకు లాక్కున్నాడు. తిరిగి పరీక్ష చేయాలని ఇంకో అర్జీ అతనే రాసిచ్చాడు. ఇంటి దగ్గర వరదయ్య మాత్రం ఊరుకోలేదు. "రిజిస్టర్ తెచ్చినోడికి నీళ్ళిచ్చి గుట్ట పోగొట్టినావు. సారుకు నీళ్ళిచ్చి బాయి పోగొట్టినావు. ఇంకెవురన్నా వస్తే ఆవుల్ని గూడా తోలిచ్చెయ్ మే."

మళ్ళీ చిత్తూరు. పదిహేనో సోమవారం, పదహారో సోమవారం. జూన్ మొదటి వారంలో భూగర్భ జలాల వాళ్ళు ఒకరిని పంపుతారని కబురొచ్చింది.

"ఈసారి మన నీళ్ళే పొయ్యి" అన్నాడు వరదయ్య. ఈసారి అతని గొంతులో ఎకసెక్కం లేదు. "తాగితే తెలస్తాది వాళ్ళకి. మర్యాద సూపించబాక."

"పోస్తాలే" అంది భారతమ్మ. నిజంగానే అనుకుంది. వారం రోజులు మనసులో అదే సాధన చేసింది. ఇయ్యాల్సింది ఈ నీళ్ళే. తాగనీ. మొహం చిట్లించుకోనీ. అప్పుడే రాస్తారు.

వచ్చింది కృపామణి అనే అమ్మాయి. స్కూటీ మీద, వెనక ఐసు డబ్బా కట్టుకుని, ఒక్కతే వచ్చింది. పాతికేళ్ళు ఉంటాయేమో, తమ కూతురికంటే చిన్నది. క్వారీలో ఆ రోజు పని ఆపలేదు. ఆమె వస్తుందని వాళ్ళకు తెలియనట్టుంది. నడినెత్తిన ఎండ. కృపామణి చున్నీ విప్పి, చెమట తుడుచుకుని, "ముందు కొంచెం నీళ్ళియ్యి పెద్దమ్మా, గొంతు ఆరిపోతా ఉండాది" అంది.

భారతమ్మ బావి దగ్గరికి పోయి చేద వేసింది. తోడిన నీళ్ళు స్టీలు గ్లాసులో పోసింది. గ్లాసులో రంగు అంతగా తెలియదు. తెచ్చి చేతికిచ్చింది. వరదయ్య స్తంభానికానుకుని చూస్తున్నాడు. ఆ పిల్ల ఏమీ అనుమానించకుండా గ్లాసెత్తి నోటి దగ్గరికి తీసుకుంది.

భారతమ్మ చెయ్యి ఆమె మణికట్టును పట్టుకుంది.

"వొద్దు తల్లీ" అంది. "తాగబాక. ఇవి సూసేదానికే."

వరదయ్య తల కొట్టుకుని అవతలికి తిరిగాడు.

భారతమ్మ క్యానులోని నీళ్ళు వేరే గ్లాసులో తెచ్చిచ్చింది. కృపామణి ఆ నీళ్ళు తాగి, మొదటి గ్లాసును అరుగు మీద పెట్టి చూస్తూ కూర్చుంది. కాసేపటికి అడుగున తెల్లటి పొర దిగింది. లేచి బావిలో సీసాలు నింపుకుంది. మూతలు బిగించి, చీటీలు అంటించి, ఐసు డబ్బాలో పెట్టింది. తర్వాత అడిగింది, "ముందొచ్చిన సారుకు యా నీళ్ళిచ్చినావు పెద్దమ్మా?"

"క్యానువి."

"ఆయన బాగుండాయని రాసినాడు. నేను బాగలేవని రాస్తే, నెల్లో నీళ్ళు ఎట్ల మారినాయని అడగతారు. నువ్వు బయటి నీళ్ళిచ్చినానని వాంగ్మూలం ఇస్తేనే నా కాయితం నిలస్తాది. ఇస్తావా?"

వరదయ్య దగ్గరికొచ్చాడు. "ఇయ్యబాక మే. ఆపీసర్ని మోసం సేసిందని నీ మీద్నే తిప్పుతారు."

"తిప్పనీ" అంది భారతమ్మ. "ఇచ్చింది నేనే కదా."

కృపామణి ఒళ్ళో ప్యాడ్ పెట్టుకుని రాసింది. రాసి, సంతకం కోసం చాపింది. భారతమ్మ పెన్ను తీసుకోలేదు.

"సదువు తల్లీ."

కృపామణి చదివింది.

"ఇంకొకసారి. నిదానంగా."

రెండోసారి చదివేటప్పుడు భారతమ్మ ఒక్కో మాటకూ తలూపింది. ఒకచోట ఆపింది. "మర్యాద కోసం అని రాసినావా?"

"రాసినాను పెద్దమ్మా. అతిథి మర్యాద కోసం అని."

"సరే" అని, చెయ్యి పొడిగా ఉందో లేదో చూసుకుని, సంతకం చేసింది.

జూన్ గడిచిపోయింది. ల్యాబు కాగితం వచ్చేదాకా పొడిగింపు ఆపి పెట్టారని మోహన ఫోన్ చేశాడు. ల్యాబు కాగితం ఎప్పుడొస్తుందో అతనికి తెలియదు. వాంగ్మూలం మీద వివరణ ఇమ్మని భారతమ్మకు మాత్రం ఒక నోటీసు వచ్చింది. పదిహేడో సోమవారం దానికోసం పోవాలి.

గుట్ట మీద మోత లేదు. రోజూ పొద్దున్నే ఆమె చేద వేసి నీళ్ళు పైకి తీసి చూస్తుంది. ఇంకా తెల్లగానే ఉన్నాయి.

ఆ సోమవారం బస్సుకు బయలుదేరుతుండగా పాల వ్యాను వచ్చి ఆగింది. చిన్నబ్బ పాల క్యాన్లు ఎక్కించి, అలవాటుగా చెయ్యి చాపాడు. "నీళ్ళియ్యి అక్కా."

భారతమ్మ గ్లాసు తెచ్చింది. ఇచ్చే ముందే, "ఇవి పలమనేరువి అబ్బా" అంది.

"యాడివైతే ఏమక్కా. సల్లగా ఉండాయి" అన్నాడు చిన్నబ్బ తాగుతూ.

ఆ మాట వినడానికి ఆమె నిలబడలేదు. నోటీసు ఉన్న సంచి చంకన పెట్టుకుని, అప్పటికే రోడ్డు దాకా పోయింది.