పేర్లన్నీ మార్చాను, పొట్టేలును తప్ప

నా మొట్టమొదటి కథ నెట్‌లో అచ్చయిన వారంలోనే మా ఇంట్లో ఒక ప్రాణం పోవాల్సింది. ఎవరి ప్రాణమో చెప్తాను, కంగారు పడకండి. ముందు నా తెలివితేటలు ఎంతటివో మీకు తెలియాలి.

అప్పుడు నేను ఇంటర్ మొదటి సంవత్సరం. దేవరకొండ దగ్గర మా పల్లె. మందలో అరవై గొర్రెలు, ఇంట్లో నలుగురు మనుషులు, ఆ నలుగురిలో రచయిత్రిని నేనొక్కదాన్నే. ఒక వెబ్ పత్రికకు రెండు ప్రేమకథలు పంపితే రెండూ తిరిగొచ్చాయి. "మీకు తెలిసిన జీవితం రాయండి" అని సంపాదకురాలు సలహా ఇచ్చింది. నాకు తెలిసిన జీవితంలో రాయదగ్గ సంగతి ఒక్కటే ఉంది. అది ఎవరికీ చెప్పనని మా నాన్నకు, అదే మా బాపుకు, మాటిచ్చిన సంగతి.

అంతకు ముందేడు మా అవ్వ కళ్ళకు శుక్లాలు వచ్చాయి. ఆపరేషన్ అయి చూపొస్తే మందలోకెల్లా మంచి పొట్టేలును మైసమ్మకు ఇస్తానని మొక్కుకుంది. చూపొచ్చింది. ఆ మంచి పొట్టేలేమో, తల్లి చచ్చిపోతే బాపు సీసాతో పాలు పట్టి పెంచినది. ఆయన ఎటు పోతే అటు పోయేది, ఆయన తువ్వాల నమిలేది. దాన్ని కోయడానికి బాపుకు చేతులు రాలేదు. మెల్లగా కోస్గిలో ఉన్న మా మేనత్త వాళ్ళ మందలోకి చేర్చి, అది మొక్కు పొట్టేలని చెప్పకుండా విత్తనానికి ఉంచుకోమన్నాడు. పండుగనాడు అదే ఈడు పొట్టేలు ఇంకోదానికి మొఖమంతా పసుపు పూసి, కొమ్ములకు వేపమండలు చుట్టి మైసమ్మ ముందు నిలబెట్టాడు. నీళ్ళు చల్లితే పొట్టేలు ఒళ్ళు విదిలించాలి, అప్పుడే అమ్మవారు ఒప్పుకున్నట్టు లెక్క. అది వెంటనే విదిలించింది. బాపు అమ్మయ్య అనుకున్నాడు.

పసుపు పూస్తుండగా చూసింది నేనొక్కదాన్నే. "అవ్వకు తెలిస్తే దాన్ని మల్ల తెప్పిచ్చి కోయిస్తది బిడ్డా. నోట్లెకెల్లి మాట రానియ్యకు" అన్నాడు బాపు. రానివ్వలేదు. నోటి సంగతే చెప్పాడు గాని, వేళ్ళ సంగతి చెప్పలేదు కదా.

అయినా ఎంత జాగ్రత్తపడ్డానో చూడండి. బాపు పేరు మార్చాను. ఊరు మార్చాను. అవ్వను తాతను చేశాను, మైసమ్మను పోచమ్మను చేశాను. నాకూ ఒక మారుపేరు పెట్టుకున్నాను. పోలీసులు దిగినా దొరకను అనుకున్నాను. పొట్టేలును మాత్రం కళ్ళకు కట్టినట్టు రాశాను: ఎడమ కంటి చుట్టూ నల్లటి గుండ్రం, కొన విరిగిన కుడి కొమ్ము, మెడ కింద తెల్లమచ్చ. సంపాదకురాలు మెచ్చుకున్నది కూడా ఆ వర్ణననే. గొర్రెల కాపరుల ఇంట పుట్టినదానికి ఇంత మతిలేనితనం ఉంటుందా? మా వాళ్ళు మనుషుల పేర్లు మరిచిపోతారు, పెళ్ళిళ్ళలో వరుసలు తప్పి పిలుస్తారు. ఒకసారి చూసిన జీవాన్ని మాత్రం ఐదేళ్ళ తర్వాత సంతలో ఎదురైనా గుర్తుపడతారు.

కథ వచ్చింది. మారుపేరు పెట్టుకున్న మహాతల్లిని, ఆ లింకును చుట్టాల గ్రూపులో నా నంబరు నుంచే పెట్టి, రాసింది నేనేనని కింద చాటుకున్నాను. కీర్తి ఊరికే వస్తుందా మరి!

ఆదివారం మేనత్త కోస్గి నుంచి వచ్చింది. అవ్వకు చదువు రాదు, బాపుది బటన్ల ఫోను. మేనకోడలి కథ తానే చదివి వినిపిస్తానని అత్త వాకిట్లో కూర్చుంది. నేను సిగ్గుపడుతూ ఒక పక్కన నిలబడ్డాను. పొట్టేలును వేరే ఊరికి తోలిన చోటికి రాగానే బాపు తలెత్తి నా వైపు చూశాడు. ఆ చూపుకు నా సిగ్గంతా పోయి చెమటలు పట్టాయి. అత్త నల్లటి గుండ్రం చదివింది, విరిగిన కొమ్ము చదివింది, ఆగింది.

"అన్నా, గీ పొట్టేలు మా దొడ్ల ఉన్నది గదనే?"

పిల్ల ఏదో ఊహించి రాసిందని బాపు గొణిగాడు. విరిగిన కొమ్ము కూడా ఊహించిందా అని అత్త అడిగింది. అవ్వ మాత్రం చదవడం ఆపొద్దంది. చివరిదాకా విని, బాపు వైపు తిరిగింది.

"కండ్లు మంచిగైనయనే గదరా మొక్కు దీర్చినం. గా మంచిగైన కండ్లకు పొట్టేలు మారింది కనవడదనుకున్నవా? మొఖానికి పసుపు పూసినవు, నడకకేం పూస్తవు?"

అవ్వకు ఆ రోజే తెలుసన్నమాట. కొడుకు మనసు అలాంటిది, చూసీచూడనట్టు ఉండమ్మా అని మైసమ్మతో తానే మాట్లాడుకుందట. ఇప్పుడు నా వైపు తిరిగింది.

"నేను బతిమాలుకుంటే అమ్మ ఊకున్నది. గిప్పుడు నువ్వు లోకమంతటితోని సదివిపిచ్చినంక ఎట్ల ఊకుంటది?"

దాన్ని తెప్పించక తప్పదని అత్త కూడా అంది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. కథ తీసేయిస్తానని వెక్కుతూ చెప్పాను. తీసేస్తే మొక్కు తీరుతుందా అంది అవ్వ. కాసేపు ఆలోచించి, అచ్చయిన కథను మార్చే వీలుందా అని అడిగింది. ఉందన్నాను.

"అయితే గా కథల ఉన్న పొట్టేలును కొయ్యి. లోకం సదివేది గదే గద."

అవ్వ పక్కన కూర్చుని చెప్తుంటే ముగింపు మార్చి రాశాను. తండ్రి మనసు మార్చుకుని పొట్టేలును తనే తోలుకొస్తాడు, నీళ్ళు చల్లుతాడు, అది ఒళ్ళు విదిలిస్తుంది. విదిలించిన సంగతి అవ్వ రెండుసార్లు రాయించింది. ఉత్త కథే కదా బాపూ అన్నా వినకుండా, బాపు బయటికి పోయి కోస్గికి ఫోన్ చేసి, పొట్టేలు మేత తిన్నదా అని అడిగి వచ్చాడు.

కొత్త ముగింపు పెట్టగానే పాఠకులు కన్నీరుమున్నీరయ్యారు. పెంచిన చేతులతోనే కోసిన ఆ తండ్రిని కసాయి అన్నారు, రాక్షసుడు అన్నారు. నేను తట్టుకోలేక బాపుకు చదివి వినిపించి, పొట్టేలు బతికే ఉందని జవాబు రాస్తానన్నాను.

"వద్దు బిడ్డా. నన్ను తిట్టనీ. గది బతికున్నట్టు ఎవ్వలికి తెల్వొద్దు" అన్నాడు.

అందుచేత పాఠక మహాశయులారా, ఆ రోజే మైసమ్మ సాక్షిగా ఒట్టేసుకున్నాను. ఇకమీదట మనుషులను ఎలాగైనా రాస్తాను గాని, రంగు, కొమ్ము, మచ్చ, నడక నాలుగూ మార్చనిదే ఏ గొర్రెనూ కథలోకి రానివ్వను.