పాత ఫ్రిజ్

ఇల్లిల్లూ తిరిగి సర్వే కాగితాలు నింపే ఉద్యోగం కాబట్టి వీధిలో అందరూ ఆవిడను లెక్కలమ్మ అంటారు. మనిషి మంచిదే. కాకపోతే తను చేసిన మంచి నలుగురికీ తెలియాలనే గుణం ఒకటుంది. ఎవరికి లేదు లెండి!

రెండేళ్ల కిందట వాళ్ళింటికి రెండు తలుపుల కొత్త ఫ్రిజ్ వచ్చింది. మోటారు కాలిపోయిన పాతదాన్ని వీధి చివర ఇస్త్రీ చేసే ఆవిడకి ఇచ్చేసింది. "చల్లబడదే, అయినా బీరువాలా వాడుకో" అంది. ఇస్త్రీ ఆవిడ మురిసిపోయి అందులో బియ్యం పోసుకుంది. ఎలుకల బెడద తీరింది.

పోయిన నెల రేషన్ కార్డుల సర్వే పడింది. దేశం ఎదిగిందట, పేదలు తగ్గారట. ఆ తగ్గినవాళ్ళెవరో తేల్చమన్నారు పైవాళ్ళు. ఎండలో ముప్పై ఇళ్ళు తిరిగి ఇస్త్రీ ఆవిడ గదికి చేరేసరికి లెక్కలమ్మకి కాళ్ళు పీకేస్తున్నాయి. కాగితంలో ఫ్రిజ్ ఉందా అని ఉంది. పనిచేస్తుందా అని లేదు. అడిగితే పెద్దసారు "ఉంటే ఉందని రాయమ్మా, పురాణమెందుకు" అని కసురుతాడు. తనిచ్చిన ఫ్రిజ్ ఎదురుగా తళతళలాడుతోంది. టిక్కు పెట్టి, మంచినీళ్ళు తాగి వచ్చేసింది.

నిన్న పొద్దున ఇస్త్రీ ఆవిడ ఓ కాగితం పట్టుకొచ్చింది. "కాస్త చదివిపెట్టండమ్మా."

ఇంట్లో ఫ్రిజ్ ఉన్నందున కార్డు రద్దు. లెక్కలమ్మ ఆ ముక్క పైకి చదివింది.

"అయ్యో, ఇక బియ్యం ఇవ్వరా? పిల్లలకేం పెట్టనమ్మా?"

"ఎవరో పొరపాటున రాసుంటారే. నేను అర్జీ రాసిస్తాగా!"

ఎవరో అట! నోరెలా వచ్చిందో మహాతల్లికి. రోజంతా సిగ్గుతో చచ్చిపోయింది. కొత్త ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా ఇస్త్రీ ఆవిడ పిల్లలే గుర్తొచ్చారు. ఒప్పుకుంటే ఉద్యోగం పోతుంది. ఒప్పుకోకపోతే అన్నం సయించడం లేదు.

ఈవేళ అర్జీ చదివి వినిపించింది. "ఎవరో పొరపాటున, పాడైన ఫ్రిజ్ చూసి..."

బొటనవేలికి సిరా రాసుకున్న ఇస్త్రీ ఆవిడ చెయ్యి ఆగిపోయింది. "ఎవరో ఏమిటమ్మా? రాసుకోవడానికి మా గదికొచ్చింది మీరొక్కరే. మీరే చెబుతారని నిన్నటి నుంచీ చూస్తున్నాను."

ఆ గొంతులో కోపం లేదు. తిట్టినా బాగుండేదనిపించింది లెక్కలమ్మకి.

"చెబితే నా ఉద్యోగం ఉండదే."

"చెప్పకపోతే ఆఫీసులో నా మాట ఎవరు నమ్ముతారమ్మా?"

లెక్కలమ్మ కలం తీసుకుంది. 'ఎవరో' కొట్టేసి, తెలిసి తెలిసి తప్పు రాసింది నేనే, ఆ ఫ్రిజ్ ఇచ్చిందీ నేనే అని రాసి, కింద సంతకం పెట్టి, ఒక్కో ముక్కా పైకి చదివింది. అప్పుడు ఇస్త్రీ ఆవిడ వేలిముద్ర వేసింది.

లెక్కలమ్మ ఇస్త్రీకిచ్చిన చీరలు మూటకట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"రేపు మా ఆయన ఆ ఫ్రిజ్ తెచ్చి మీ వాకిట్లో దింపుతాడమ్మా. మాకు ఎలుకలే నయం."