భాయ్ డబ్బా గొంతు

పొయ్యి మీద పాలు పొంగే వేళకు గోడవతల నుంచి భాబీ గొంతు వినిపించింది. "చెల్లె, మీ భాయ్ పోయిండు. ఇప్పుడే దవాఖాన నుంచి ఫోనొచ్చింది." అంతే అంది. నేను పొయ్యి కట్టేసి వెనక్కి తిరిగితే, మా హాల్లో బల్ల మీద ఆయన డబ్బా కనిపించింది. దాని మీద నేను అంటించిన బొట్టుబిళ్లలు, పక్కన మా అమ్మాయి వైర్లు. పని ఇంకా ఒక వంతు మిగిలే ఉంది.

మా పక్కింటి భాయ్ ఇబ్రహీంపట్నంలో పెళ్లి బ్యాండుకు గిటార్ వాయించేవారు. బరాత్‌లో ముందు నడిచేది ఆయన కాదు. వెనక, స్పీకర్ల బండి మీద కూర్చుని వాయించేవారు. కాలి కింద అరచేతంత అల్యూమినియం డబ్బా ఉండేది. సంగీతం తెలిసినవాళ్లు దాన్ని ఓవర్‌డ్రైవ్ పెడల్ అంటారు. గిటార్ నుంచి వచ్చే నున్నటి శబ్దాన్ని కాస్త బొంగురు చేయడం దాని పని. వయసులో ఉండగా కోఠీలో సామాను కొనుక్కొచ్చి తనే కట్టుకున్నారట. మూడు మరలు, మూడు వైపులకు తిరిగే ఒక మీట. మొదటి వైపు పెడితే చర్చిలో క్రిస్మస్ పాటలకు సరిపోయేంత మెత్తన. రెండో వైపు బరాత్‌కు. మూడో వైపు బరాత్ ఆఖరున, పిల్లగాళ్లు చొక్కాలు తడిసేదాకా ఎగిరేటప్పుడు.

ఇంట్లో ఆ మూడో వైపు పెట్టి వాయించారంటే భాబీ వంటింటి కిటికీ ఊచల మీద గరిటెతో రెండుసార్లు కొట్టేది. "బస్ జేయ్, చెవులు పోతున్నయ్" అని అర్థం. ఆయన నవ్వి ఇంకొంచెం వాయించి ఆపేవారు. గోడకివతల కూరగాయలు తరుగుతూ ఏళ్ల తరబడి ఆ గరిటె విన్నదాన్ని నేను.

ఒకసారి అడిగాను, మంచి శబ్దాన్ని ఎందుకు చెడగొట్టుకుంటారని. "సాఫ్‌గుంటే ఎవడు తల తిప్పడు చెల్లె. పాడెటోని గొంతు జర పట్టుకున్నప్పుడే ఇనెటోడు ఆగుతడు" అన్నారు.

ఊపిరితిత్తులు మొరాయించాక ఆయన బండి ఎక్కడం మానేశారు. అదే కాలంలో డబ్బా కూడా గరగరలాడటం మొదలుపెట్టింది. అందులోని పాతకాలపు సామాను ఇప్పుడు ఎక్కడా దొరకదు. ఒక సాయంత్రం మా అమ్మాయి ఆదిభట్లలో కంపెనీ బస్సెక్కి వచ్చి మెయిన్ రోడ్డు మీద దిగేసరికి, ఆయన డబ్బాను తువ్వాలలో చుట్టుకుని మా గుమ్మంలో కూర్చుని ఉన్నారు.

"బిడ్డా, దీని గొంతు నీ కంప్యూటర్ల దాచిపెట్టొస్తదా? నేను పోయినంక కూడా బరాత్‌ల గిదే గొంతు మోగాలె."

"ఒస్తది మామూ. గని సరిగొచ్చిందో లేదో చెప్పాల్సింది నువ్వే. అందాక మంచిగుండాలె" అంది మా అమ్మాయి.

ఆ మాటలో ఎంత బరువుందో ముగ్గురికీ తెలుసు. డాక్టరు అన్న మాట భాబీ అప్పటికే నాకు చెప్పింది.

ఆదివారాల్లో పని మొదలైంది. పద్ధతి చెబితే తేలికే. కంప్యూటర్ నుంచి ఒక శబ్దాన్ని డబ్బాలోకి పంపాలి. డబ్బా దాన్ని ఎట్లా మార్చిందో మళ్లీ కంప్యూటర్ పట్టుకుంటుంది. మర కొంచెం తిప్పి మళ్లీ పంపాలి. ఇట్లా అన్ని మరలకూ, అన్ని వైపులకూ చేస్తే, డబ్బా చేసే మార్పునంతా కంప్యూటర్ నేర్చుకుంటుంది. మరలు తిప్పే పని నాది. వరస తప్పకుండా ఉండాలని ప్రతి మర చుట్టూ బొట్టుబిళ్లలు అంటించాను. ఫ్రిజ్ మోత చేరకుండా దాన్ని ఆపేసేదాన్ని, ఫ్యాన్ కూడా. ఉక్కలో ముగ్గురం చెమటలు కక్కుతూ కూర్చునేవాళ్లం. భాయ్ దగ్గొస్తే బయటికి పోయి దగ్గి వచ్చేవారు.

చివర్లో డబ్బా లేకుండా భాయ్ వట్టి గిటార్ వాయింపు ఒకటి రికార్డు చేసింది అమ్మాయి. తర్వాత దాన్ని కంప్యూటర్ నేర్చుకున్న డబ్బా గొంతు గుండా పంపి వినడానికి. భాయ్‌కి అదొక్కటే నచ్చలేదు. "డబ్బా లేకుంటే బనీన్ మీద బజారుకు పోయినట్టున్నది" అన్నారు.

అన్నీ అయ్యాక అమ్మాయి ఆ వాయింపును మూడో వైపు గొంతుతో మోగించింది. భాయ్ కళ్లు మూసుకుని విన్నారు. తర్వాత గోడ వైపు చెవి పెట్టారు.

"గరిటె మోగలే" అన్నారు. "అంటే గిది నాది గాదు బిడ్డా."

"లెక్కలన్నీ కలుస్తున్నయ్ మామూ."

"కలుస్తయేమో. మీ అత్తకు కోపం రాలే కద."

అమ్మాయి ముఖం చిన్నబోయింది. మళ్లీ చేసింది, మళ్లీ అదే. వానలు మొదలయ్యాయి. ఆయన మాటకీ మాటకీ మధ్య ఊపిరి కోసం ఆగడం పెరిగింది. ఆపేద్దామని మాత్రం మా ముగ్గురిలో ఎవరూ అనలేదు.

ఒకరోజు భాబీకి అన్నం గిన్నె ఇవ్వడానికి వెళ్లాను. భాయ్ మంచం మీద కూర్చుని, నెయ్యి డబ్బాలోంచి చదరపు బ్యాటరీలు ఒక్కొక్కటే తీసి నాలుక కొసకు ఆనించి చూస్తున్నారు. బొంగులూరు వైపు ఫంక్షన్‌హాళ్లలో ప్రతి పెళ్లికీ వైర్లేని మైకుల్లో కొత్త బ్యాటరీలు వేస్తారు. తీసేసినవి ఆయన జేబులో వేసుకుని తెచ్చేవారు.

"ఏంది భాయ్, గట్ల నాకుతున్నరు?"

"నాలికె మీద జర చురుక్కుమంటే డబ్బాకు పనికొస్తది. సప్పగుంటే పారేస్తం."

"మరి కొత్త బ్యాటరీ ఎన్నడు ఎయ్యలేదా?"

"నాకెందుకు కొత్తది?"

అక్కడే నిలబడిపోయాను. కరెంటు ఎక్కువ తక్కువలు కాకూడదని అమ్మాయి డబ్బాకు అడాప్టర్ పెట్టింది. పూర్తి కరెంటు. ఆ డబ్బా పుట్టినప్పటి నుంచి అంత కరెంటు ఎన్నడూ తాగలేదు. సగం ఖాళీ అయిన బ్యాటరీలతోనే అది అట్లా గొంతు పట్టుకుని పాడింది.

అమ్మాయికి చెబితే తల పట్టుకుంది. "మామూ, ముందుగాల చెప్పొద్దా?"

"నాకేమెరుక బిడ్డా? పైసలు మిగుల్తయని జేసిన" అని ఆయన నవ్వబోయి దగ్గులో పడ్డారు.

అడాప్టర్ తీసి పాత బ్యాటరీతో మళ్లీ మొదటి నుంచి చేశాం. మొదటి వైపు విని "అవ్" అన్నారు. రెండో వైపు విన్నప్పుడు ఆయన కాలు కదిలింది. మూడోది వచ్చే ఆదివారం అనుకున్నాం. ఆ వారంలోనే దవాఖానకు తీసుకెళ్లారు.

ఆయన పోయిన నలభయ్యో దినం ఫాతెహా ప్రార్థనలు అయ్యేదాకా మేము డబ్బాను ముట్టలేదు. ఆ మర్నాడు భాబీ నెయ్యి డబ్బా తెచ్చి మా బల్ల మీద పెట్టింది. "పట్టిన పని ఇడువకున్రి" అని వెళ్లిపోయింది. ఎప్పుడు చేస్తామో అడగలేదు, మేమూ చెప్పలేదు.

"గిప్పుడు సరిగొచ్చిందని ఎవరు చెప్తరమ్మా?" అంది అమ్మాయి.

"ముందు చేద్దాం పట్టు" అన్నాను.

ఆదివారం ఫ్రిజ్ ఆపాను, ఫ్యాన్ ఆపాను. బ్యాటరీలు ఒక్కొక్కటే నాలుకకు ఆనించి, జర చురుక్కుమన్నది తీసి డబ్బాకు తగిలించాను. డబ్బా గరగరలాడినప్పుడల్లా ఆగి, ఆ బొట్టుబిళ్ల దగ్గర నుంచే మళ్లీ చేశాం. మధ్యాహ్నానికి పని పూర్తయింది. అమ్మాయి భాయ్ వట్టి వాయింపును, ఆయన బనీన్ అన్న ఆ వాయింపునే, మూడో వైపు గొంతులోకి పంపింది. కిటికీ తెరిచి ఉంది.

వాయింపు సగంలో ఉండగా గోడవతల ఊచల మీద గరిటె మోగింది. రెండుసార్లు.

అమ్మాయి ఉలిక్కిపడి ఆపబోయింది. నేను దాని చెయ్యి పట్టుకుని కిటికీలోంచి చూశాను. భాబీ గరిటెను ఊచలకు అట్లాగే ఆనించి పట్టుకుని ఉంది. మళ్లీ కొట్టలేదు, దించలేదు. ఆ వాయింపు అయ్యేదాకా అక్కడే నిలబడి ఉంది.