ఎడమ బుగ్గ మీద మసి

హ్యేవాన్ ఒక్క బొగ్గుబిళ్లయినా మోయకముందే బుగ్గకు మసి పూసుకుంటుంది. అదీ ఎడమ బుగ్గకే. ఫోన్‌లో ఆ వైపే బాగుంటుందని ఆమె నమ్మకం. కొరియా రాజధాని సియోల్ కొండవాడల్లో ముసలివాళ్లకు చలికాలం బొగ్గు పంచే కుర్రకారు సంఘానికి ప్రచారమంతా ఆమెదే. ఫోన్‌లో తమ ఫొటోలు చూసే వేలమందినీ "మన కుటుంబం" అంటుంది. వాళ్లలో ఒక్కరి గొంతయినా విని ఎరగదు. ఆ ఉదయం ఎర్ర ఏప్రాన్లు కట్టుకున్న పిల్లలు మెట్ల మీద బారుగా నిలబడి బిళ్లల్ని చేతులు మార్చుకుంటూ పైకి పంపారు. మొదటి బిళ్లే గుమ్మం ముందు హ్యేవాన్ చేతిలో ఆగిపోయింది.

"ఇలా ఇచ్చెయ్ తల్లీ, పొయ్యి ఆరిపోయేలా ఉంది," అంది ఆ ఇంటి బోంగ్న్యే అవ్వ, పటకారు పట్టుకుని.

"ఒక్క నిమిషం అవ్వా, కాస్త ఎండ రానివ్వండి. మన కుటుంబమంతా చూస్తుంది."

"ఏ కుటుంబం? నాకెవరూ లేరుగా," అంటూనే అవ్వ తడిగుడ్డ తెచ్చి, పాపం మసి అంటిందనుకుని, ఆ బుగ్గ శుభ్రంగా తుడిచింది. హ్యేవాన్ వినయంగా వంగి దండం పెట్టింది. పక్కకు తిరిగి మళ్లీ పూసుకుంది. ఎండ వచ్చింది. అవ్వను నవ్వించి, బిళ్ల అందిస్తున్నట్టు ఫొటోలు తీయించుకుని, "ఈ రోజు ఒక గది వెచ్చబడింది" అని రాసి పంపింది. హృదయం గుర్తులు కురిశాయి.

లోపల అవ్వ పొయ్యి మూత ఎత్తి చూసింది.

"ఆరిపోయింది తల్లీ."

హ్యేవాన్ ముఖం వెలిగిపోయింది.

"అయితే ముట్టించేటప్పుడు పిలవండవ్వా, అదీ తీద్దాం," అంటూ బుగ్గ మీద మసి ఉందో లేదో తడిమి చూసుకుంది.