రైలమ్మ

తొంభైల చివర్లో నేను ధర్మవరం నుంచి పెనుకొండకు రోజూ ప్యాసింజరు రైల్లో ఉద్యోగానికి పోయి వచ్చేదాన్ని. నా కూతుర్ని ఇంట్లో మా తోడికోడలు చూసుకునేది. నేనామెను అక్కా అని పిలిచేదాన్ని. బావ పట్టుచీరలు నేసేవాడు, అక్క మగ్గానికి దారం చుట్టేది. వాళ్ల పిల్లలు అప్పటికే హైస్కూలుకు పోతున్నారు.

నా కూతురికి రెండేళ్లు దాటినా సరిగా మాటలు రాలేదు. నడక కూడా ఆలస్యమే. అక్క దానికి పనిగట్టుకుని ఏదో నేర్పుతున్నట్టు కనిపించేది కాదు. దారం చుడుతూనే పట్టుపోగుల ముక్కలు ముందేసి, ఎర్రవి ఒకపక్క, పచ్చవి ఒకపక్క పెట్టించేది. చేయి పట్టుకుని అరుగు ఎక్కించి దించేది. సాయంత్రం వీధి పిల్లల మధ్య వదిలి గడపలో కూర్చుని చూసేది. ఏడాది తిరిగేసరికి పిల్ల పరుగులు పెడుతూ, తోటిపిల్లలతో కొట్లాడుతూ, గడగడా మాట్లాడసాగింది.

నేను సంతోషించాలి. కానీ నేను విని మురిసిపోయిన ప్రతి మాటా ఆ ఇంట్లో అప్పటికే పాతబడి ఉండేది. "అది మొన్ననే అనింది లేమ్మా," అనేది అక్క. నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు పక్కింటామె "మీ అమ్మ యాడుందే?" అని అడిగితే పిల్ల అక్కను చూపించింది. మరి ఈమె ఎవరని నన్ను చూపిస్తే, "రైలమ్మ" అంది. అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. ఆ నవ్వును ఓర్చుకోలేకపోయాను.

సెలవు పెట్టి పిల్లను హిందూపురంలో మా పుట్టింటికి తీసుకుపోయాను. బొమ్మలు కొన్నాను, పలక కొన్నాను. పొద్దున్నే కూర్చోబెట్టి అ ఆలు దిద్దించబోయాను. పిల్ల బలపం పారేసి మూలకు పోయి ముడుచుకుంది. సరిగా తినలేదు, మాట్లాడలేదు. మా అమ్మ చూసి చూసి, "ఎవురి మీద కోపం బిడ్డ మీద తీస్తాండావే?" అంది.

ఆ మధ్యాహ్నం అమ్మ అనపకాయలు వలుస్తుంటే నేనూ కూర్చున్నాను. పిల్ల మెల్లగా వచ్చి నా పక్కన చేరింది. పలక ఊసెత్తకుండా కొన్ని గింజలు దాని ముందు పోశాను. పెద్దవీ చిన్నవీ వేరు చేస్తూ కూర్చుంది. ఒక కాయలో పురుగు కనబడితే నా చెయ్యి పట్టి లాగింది.

"దీనమ్మ యాడ?"

"పనికి పోయుంటాది," అన్నాను.

"వస్తాదిలే," అని పిల్ల ఆ కాయను జాగ్రత్తగా మూసి పక్కన పెట్టింది.

ధర్మవరం తిరిగొచ్చాం. పిల్ల నా చంక దిగీ దిగగానే అక్క దగ్గరికి ఉరికింది. ఇక ఉండబట్టలేక, "నా బిడ్డను నీ బిడ్డను చేసుకున్నావక్కా," అనేశాను.

అక్క చేతిలో పని ఆపింది. "పొద్దున్నే మంచి చీర కట్టుకోని, క్యారియరు పట్టుకోని నువ్వు పోతాంటే ఈడ నా కడుపు ఎట్ల మండుతాదో నీకేం తెలుసు?" అంది.

నా మీద అసూయపడేవాళ్లు కూడా ఉంటారని నేనెప్పుడూ అనుకోలేదు.

తర్వాత ఆదివారాలు పిల్ల నాకే. అక్క ముస్తాబై బజారుకు పోయేది. నేను వీధి పిల్లల్ని పోగేసి దాగుడుమూతలు ఆడించేదాన్ని, ఇసుకలో ఇళ్లు కట్టించేదాన్ని. పిల్ల నన్నూ అమ్మా అనడం మొదలుపెట్టింది. అక్కను అనడం మానలేదు.

బడిలో చేరాక ఒకసారి పరుగుపందెంలో గెలిచి, బహుమతి పట్టుకుని నేరుగా అక్క ఒళ్లో వాలింది. పక్క కుర్చీలో నేను చప్పట్లు కొడుతూనే ఉన్నాను. లోపల మాత్రం కుతకుత ఉడికిపోయాను.