కారకాలు కాదు, రంది

నెల్లికుదురులో ఇంటింటి బీపీ సర్వేకు వెళ్లాను. ఫారంలో ఏడో గడి ‘ఒత్తిడి కారకాలు’. అది నిండినవాళ్లనే డాక్టరు పిలిపించి మాట్లాడతారు. పన్నెండు ఇళ్లలో ‘లేవు’ అని రాసుకున్నాను. పదమూడో ఇంట్లో ఒక ముసలామెను అడిగాను.

“అవ్వా, నీకు ఒత్తిడి కారకాలు ఏమన్న ఉన్నయా?”

“కారమా? ఎన్నడో బంద్ చేసిన బిడ్డా. సప్పటి కూరలే తింటున్న.”

నవ్వు ఆపుకున్నాను. దిగులుకు మా ఇంట్లో వాడే మాట గుర్తొచ్చింది.

“కారం కాదవ్వా. నీకు రంది ఏంది?”

ఆమె చేను దిక్కు చెయ్యి చూపింది.

“బోరు ఎండింది. వరి పొట్టకొచ్చింది. నిద్ర ఎట్ల పడతది?”

అదే రాశాను. ముందరి పన్నెండు ఇళ్లలో అడిగింది ఎవరికీ అర్థం కాలేదన్నమాట. ఫారంలో ‘ఒత్తిడి కారకాలు’ కొట్టేసి, పైన ‘రంది’ అని రాసి, మొదటి ఇంటికి తిరిగి నడిచాను.